వన్ టౌన్ కారీగర్లు, మన హిస్సా



రంజాన్ పండుగ సెలవులకి మా చెల్లెలి కూతురు మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో తరగతి. బడిలో ప్రాజెక్టు ఇచ్చారట. మన ప్రాంతపు హస్తకళ ఒకటి ఎంచుకుని, దాని చరిత్ర నాలుగు పేజీలు రాయాలి. వీలైతే తమ ఖాందాన్‌కి దగ్గరగా ఉండేది అయితే మంచిదన్నారట. సేమియా గిన్నె పక్కన పెట్టి నన్ను అడిగింది: "ఖాలా, నా ఫ్రెండు వాళ్ల తాత మగ్గం గురించి రాస్తోంది. ఇంకో అమ్మాయి వాళ్ల నాన్న వీణలు చేస్తాడు. మన దగ్గర ఏముంది? బిర్యానీ తప్ప?"

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ 'తప్ప' అనే మాట గుచ్చుకుంది.

దాని ఫోనులో అప్పటికే ఒక కాగితం తయారుగా ఉంది. వాట్సాప్‌లో ఎవరో పంపింది. అందులో రెండు దావాలు. ఒకటి, విశాఖపట్నం అసలు పేరు ఇసాకపట్నం, దర్గా కొండ మీద ఉన్న హజ్రత్ ఇసాక్ మదీనా బాబా పేరు మీదే ఈ ఊరు వెలిసింది. రెండు, విశాఖ దంతపు పెట్టెలు, కుర్చీలు లండన్ మ్యూజియంలో ఉన్నాయి, ఆ హునర్‌ని ఇరాన్ నుంచి మన బుజుర్గులు తెచ్చారు. ఈ రెండూ రాస్తే నాలుగు పేజీలు నిండుతాయని దాని లెక్క.

రెండూ నమ్మాలని నాకూ ఉంది. ఎందుకు ఉండదు? 'మీరు ఎక్కడి నుంచి వచ్చారు' అని ఈ మధ్య కొందరు అడుగుతుంటే, 'ఊరికి పేరు పెట్టిందే మేము' అని చెప్పగలిగితే కడుపు చల్లబడుతుంది. కానీ ఆ పిల్ల చేతిలో అబద్ధం పెట్టి బడికి పంపడం నాకు ఇష్టం లేదు. రేపు ఇంకెవరో అది తప్పని చూపిస్తే, నిజమైన సంగతులు కూడా దానితోపాటే కొట్టుకుపోతాయి. అందుకని ఇద్దరం కూర్చున్నాం. ఆ పది రోజుల్లో చదివిందీ, తిరిగిందీ, మా అమ్మీ చెప్పిందీ ఇక్కడ రాస్తున్నాను.

అమ్మీ చెప్పింది ముందు. మా నానీ ఇనప సందూక్ అడుగున ఒక చిన్న డబ్బా ఉండేదట. జానెడు పొడుగు. మూత తీస్తే సందల్ వాసన. పైన తెల్లగా, సన్నగా పలకలు, వాటి మీద నల్ల గీతలతో తీగలు, పూలు. అంచుల్లో కొమ్ము పట్టీలు. నానీ తాత వాల్తేరులో ఒక దొర బంగ్లాలో ఖాన్సామా. దొర దేశం వెళ్తూ ఇచ్చిపోయాడని ఒక కథ. కాదు, 'ఈరాన్ సే ఆయా' అని ఇంకో కథ. ఈ రెండో కథే ఇంట్లో నిలిచింది. డబ్బా మాత్రం నిలవలేదు. ఒక చెడ్డ నెలలో మా అమ్మీ దాన్ని కబాడీవాడికి ఇచ్చేసింది. "అప్పటికే పలకలు సగం ఊడిపోయాయి బేటా, అందులో నేను సూదులు దాచుకునేదాన్ని" అంటుంది. ఎంత వచ్చిందంటే మాత్రం చెప్పదు.

ఇప్పుడు ఊరి పేరు సంగతి. దర్గా కొండ తెలియని వన్ టౌన్ వాళ్లు ఉండరు. రేవు పక్కనే మూడు కొండలు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద దర్గా. బయటి వాళ్లకి మన ఊరు చూపించేటప్పుడు అందరం గర్వంగా చూపించేది ఆ మూడింటినే. బాబా పేరు మీద ఊరు పేరు వచ్చిందన్న మాట చాలా కాలంగా జనంలో ఉంది. అకీదత్ ఉన్నవాళ్ల మాటని నేను ఎగతాళి చేయను. కానీ తారీఖ్ ఏం చెబుతుందంటే, 1090వ సంవత్సరం నాటి శాసనంలోనే 'విశాఖపట్టణం' అన్న పేరుంది. చోళ రాజు కులోత్తుంగుడి పేరు మీద ఆ ఊరికి కులోత్తుంగచోళపట్టణం అని కూడా పెట్టారు. అంటే విశాఖ అన్న పేరు మన చేతిలో మారిపోయిన పేరు కాదు. మొదటి దావా అక్కడితో పోయింది.

పిల్ల మొహం చిన్నబోయింది. "ఆగు, ఆ శాసనం మొత్తం విను" అన్నాను.

ఆ శాసనం ఒక దానం గురించి. దానం ఎవరికి సంబంధించింది? శ్రీలంక తీరంలోని మాతోట్టం అనే బందరుకి చెందిన ఒక సౌదాగర్‌కి. అతను 'అంజువన్నం' అనే తిజారతీ సంఘంలో సభ్యుడు. దానం దేనికి? ఇక్కడి ఒక 'పెరుంబళ్ళి'కి, అంటే ఒక పెద్ద పళ్ళికి. కేరళలో, తమిళనాట ఈ రోజుకీ మసీదుని పళ్ళి అనే అంటారు. అంజువన్నం అంటే పడమటి సముద్రాల అవతల నుంచి వచ్చిన వర్తకుల జమాత్ అనీ, వాళ్లలో అరబ్బు ముస్లిములు ముఖ్యులనీ చరిత్రకారుడు వై. సుబ్బరాయలు చాలా శాసనాలు పక్కపక్కన పెట్టి చూపించారు. ఆ పేరే ఫార్సీ మాట నుంచి వచ్చిందని పండితుల అభిప్రాయం. ఏ మాటో ఊహించండి. అంజుమన్! మన ఊళ్లలో ప్రతి బస్తీలో మసీదు బోర్డు మీద, బడి బోర్డు మీద కనిపించే అంజుమన్.

అలాంటి పళ్ళి వేరే మతాల వాళ్లదీ కావచ్చు, కాబట్టి అది మసీదేనని నేను ఒట్టు పెట్టను, పిల్ల చేత పెట్టించను. కానీ 900 ఏళ్ల కిందట ఈ రేవులో మన బోటి వాళ్లు సరుకు దించుకున్నారు, ఇక్కడి భాషలో, ఇక్కడి రాజు పాలనలో, ఊరి వాళ్ల సాక్షిగా తమ పేరు రాతి మీద రాయించుకున్నారు. ఊరికి పేరు పెట్టడం కంటే ఇది చిన్న సంగతా? నాకైతే ఇదే పెద్దది. ఊళ్లో కలిసి బతకడానికి వచ్చినవాడు చేసే పని ఇది.

ఇక హాథీదాంత్ పని. ఇది ఇరాన్ నుంచి వచ్చిన మన బుజుర్గులు చేసింది కాదు. చేసింది ఇక్కడి కంసాలులు. వాల్టర్ ఫ్రాన్సిస్ 1907లో రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ ఈ పని కంసాలి కులం వాళ్లదనే చెబుతుంది. దాని కంటే చాలా ముందు, 1756లో, కార్నీల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఈ ఊళ్లో ఆగి, ఇక్కడి వాళ్లు చెక్కలో దంతం పొదిగే పని ఎంత బాగా చేస్తారో రాసిపెట్టాడు. అప్పటికి కంపెనీవాళ్లు ఇక్కడ కోఠీ పెట్టి డెబ్భై ఏళ్లు దాటింది. వాళ్లు వచ్చింది 1680లలో. గోల్కొండ సుల్తనత్ 1687లో పడిపోయింది. 1689లో ఔరంగజేబు తరఫు ఫౌజు ఆ కోఠీ మీద పడి కొందరిని చంపింది. ఆ తర్వాత మళ్లీ రాజీ, మళ్లీ వ్యాపారం. కోటవీధి, బురుజుపేట అన్న పేర్లు ఆ కోట జమానా మిగిల్చినవే. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి గురువారం వెళ్లే లక్షల మంది నోట పలికే బురుజుపేటలో 'బుర్జ్' అరబ్బీ మాట. ఇది దావా కాదు, ఊరికే చెబుతున్నాను.

ఆ పని ఎలా చేసేవారో చూద్దాం. నాకు ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలని ఉంది, ఓపిక పట్టండి. మొదట్లో జిట్రేగి లాంటి నల్లటి చేవ కర్రతో, లేదా ఆబ్నూస్‌తో, బల్లో కుర్చీయో బీరువాయో చేసేవారు. దాని మీద తీగ, పూవు, ఆకు ఆకారంలో గాడి తొలిచి, సరిగ్గా అదే ఆకారంలో కోసిన దంతపు ముక్కను అందులో కూర్చేవారు. గోరు పెట్టి రుద్దినా చెక్క ఎక్కడ ఆగిందో, దంతం ఎక్కడ మొదలైందో తగలకూడదు. తర్వాత దంతం మీద సన్నని ములుకుతో ఆకు ఈనెలు, పూరేకుల మడతలు గీసేవారు. ఆ గీతల్లోకి వేడి చేసిన నల్ల లక్క పట్టించి, పైపైన గీకేసి, నునుపు చేసేవారు. లక్క గీతలోనే మిగులుతుంది, పైన తెల్లదనం మెరుస్తుంది. తెల్ల కాగితం మీద నల్ల సియాహీతో గీసినట్టు ఉంటుంది. కానీ ఆ సియాహీ వందల ఏళ్లు చెరగదు.

18వ శతాబ్దం చివరికి వచ్చేసరికి పద్ధతి మారింది. చెక్కలో దంతం పొదగడం మాని, దంతాన్ని రంపంతో పలచని రేకులుగా కోసి, మంచిగంధం చెక్క మీద మొత్తం పరిచి, జిగురుతో అతికించి, దంతపు మేకులతోనే బిగించేవారు. అప్పుడు చెక్క కనిపించదు. తెల్లటి పెట్టె, దాని మీద నల్ల నగిషీ. దొరసానుల కుట్టుపని సామాను పెట్టుకోడానికి ఇంగ్లీషు ఇంటి ఆకారంలో డబ్బాలు చేశారు. చిన్న చిన్న కిటికీలు, తలుపులు, పొగగొట్టం. కప్పు ఎత్తితే లోపల దారపు కండెల అరలు. ఆ ఇంగ్లీషు ఇళ్లను మన కంసాలి ఎన్నడూ చూసి ఉండడు. అచ్చు బొమ్మలు చూసి చెక్కాడు. చూడని ఇంటిని కిటికీ రెక్కతో సహా చెక్కిన చెయ్యి ఎలాంటిదో ఆలోచించండి.

సరుకు ఎక్కడిది? దంతం, మంచి కలప ఎక్కువగా బంగాళాఖాతం అవతల బర్మా తీరం నుంచి, పెగూ వైపు నుంచి ఓడల్లో వచ్చేది. కొనేవాళ్లు మద్రాసు, కలకత్తాల మధ్య తిరిగే ఓడల మీద వచ్చే కంపెనీ అధికార్లు. అంటే ఈ హునర్‌కి రేవు తల్లి. రేవు లేకపోతే దంతం లేదు, గిరాకీ లేదు. 1773 నుంచి 1775 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గరున్న దంతపు కుర్చీలను, ఆయన ఆస్తి అమ్మకానికి వచ్చినప్పుడు 1781లో ఇంగ్లండు రాజు మూడో జార్జి తన బేగం షార్లెట్ కోసం కొన్నాడు. ఆ రకం పని ఈ తీరానిదే. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ రోజుకీ 'విజగపటం' అన్న చీటీతో పెట్టెలూ కుర్చీలూ ఉన్నాయి. చేసిన ఊరి పేరు ఉంది. చేసినవాడి పేరు చాలావాటి మీద లేదు. ఆ కారీగర్ పేరు రాసుకోవాలని ఏ దొరకీ తోచలేదు. మన ఖాందాన్లలోనూ, చెప్పొద్దూ, ఎవరికీ తోచలేదు. 'ఈరాన్ సే ఆయా' అనుకోవడం సుఖంగా ఉంది. పక్క వీధి కంసాలి చేశాడంటే ఆ డబ్బాకి షాన్ తగ్గిపోతుందనుకున్నారేమో మావాళ్లు. అదే నాకు నామోషీగా అనిపించింది.

"అయితే మనకేం లేదన్నమాట" అంది పిల్ల.

ఉంది. నగిషీ అన్నానా ఇందాక? ఆ మాట ఏ కంసాలి కొట్టులోనైనా వినిపిస్తుంది. 'ఈ గాజుకి నగిషీ పని ఎక్కువ పడింది' అంటాడు, మజూరీ చెబుతాడు. నగిషీ అంటే నక్కాషీ. నమూనా కూడా మనదే. కలం, కాగితం, కుర్చీ, మేజా, పరదా, దర్వాజా, జరీ, కారీగర్... ఈ మాటలు ఎవరూ బలవంతంగా నెత్తిన రుద్దినవి కావు. పనితో పాటు వచ్చాయి, పనిలో ఇమిడిపోయాయి. చెక్కలో దంతం ఇమిడినట్టు అనబోయాను, కానీ మా పిల్లకి పోలికలు నచ్చవు. అంచుల్లో ఉండే ఆ తీగలు, పూలు చూడండి. పండితులు వాటిని ఈ తీరపు రంగుల అద్దకపు బట్టల నమూనాలతో పోలుస్తారు. ఆ బట్టల్ని మనం ఛీంట్ అంటాం, తెలుగువాళ్లు చీటీ అంటారు. మచిలీబందరులో, పెడనలో ఆ పనికి కలంకారీ అన్న ఫార్సీ పేరే నిలిచింది. గోల్కొండ జమానాలో ఇరానీ సౌదాగర్లు బందరు రేవులో దిగి, తమ దేశానికి ఏ పూవు నచ్చుతుందో ఇక్కడి అద్దకం వాళ్లకి చెప్పి చేయించుకునేవారు. ఆ పూవు బట్ట మీద నుంచి దంతం మీదకి ఎక్కింది. కాబట్టి ఇరాన్ కథలో నిజం అసలు లేదనలేను. వచ్చింది పూవు. చెయ్యి ఇక్కడిది.

శ్రీకాకుళంలో గోల్కొండ ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఇంకా నిలిచి ఉంది. విశాఖ కూడా అప్పుడు ఆ సర్కారు కిందే. మన హుకూమత్ జమానా ఇది అని చెప్పుకునేవాళ్లకి ఆ మసీదు చాలు. కానీ నేను మా పిల్లకి చెప్పిన హిస్సా అది కాదు. దర్గా కొండ మీదకి తీసుకెళ్లి చెప్పాను.

బ్రిటిష్ జమానా జిల్లా పుస్తకాల్లో దర్గా గురించి నాలుగైదు వాక్యాలు ఉంటాయి. బంగాళాఖాతం మీద బాబాకి అధికారం ఉందని జనం నమ్మేవారట. రేవులోకి వచ్చే ఓడ, పోయే ఓడ దర్గా ఎదురుగా జెండాని మూడుసార్లు ఎత్తి దించి సలాం చేసేవి. తుఫానులో చిక్కి బయటపడిన ఓడల హిందూ యజమానులు మొక్కు తీర్చుకోడానికి దర్గాకి చిన్న వెండి పడవలు సమర్పించేవారు. దోనెలు అని రాశారు. వెండి దోనె ఎవరు చేస్తారు? ఇక్కడ పుస్తకం ఏమీ చెప్పదు, నా బుద్ధి చెబుతుంది: వెండి పని కంసాలిదే. హిందువు ఓడ, ముస్లిం బుజుర్గు, కంసాలి చెయ్యి. తెరచాప, చుక్కాని, కొయ్య అన్నీ వేలెడంత వెండిలో. ఆ దోనె నమూనా కోసం అతను కొండ దిగి రేవులో నిలబడి నిజమైన పడవను చూసి ఉంటాడు. కొండ మీద మేం నిలబడ్డ చోటు నుంచి రేవు మొత్తం కనిపిస్తుంది. కంటైనర్లు, క్రేన్లు, ఎదురుగా డాల్ఫిన్ ముక్కు. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది రాయొచ్చా?" అంది. రాయమన్నాను.

మరి ఆ దంతపు పని ఏమైంది? 1933లో పెద్ద పోర్టు తెరిచారు, ఊరు పెరిగింది, స్టీలు వచ్చింది. పెట్టెల పని మాత్రం చిన్నదవుతూ పోయింది. పెద్ద సామాను పోయి ఫోటో ఫ్రేములు, చదరంగం బల్లలు, డబ్బాలు మిగిలాయి. కొమ్ము, తాబేలు చిప్ప, ఏదుపంది ముళ్లు కలిపి చేసేవారు. ఆఖరికి చట్టం వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1986లో గట్టి చేసి మన దేశపు ఏనుగు దంతం వ్యాపారం ఆపేశారు. 1989లో ప్రపంచ దేశాలు ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని నిషేధించాయి, 1991లో ఇక్కడా దాన్ని మూసేశారు. ఇప్పుడు దంతం అమ్మినా కొన్నా నేరం. మీ ఇంట్లో పాత సందూక్‌లో అలాంటిది ఏదైనా ఉంటే, ఎవరో మంచి ధర ఇస్తానన్నాడని సంబరపడకండి, ముందు అటవీ శాఖ వాళ్లని కనుక్కోండి.

ఈ చట్టం మంచిదే. ఒక కుర్చీ వెనక ఎన్ని ఏనుగులు పోయాయో ఆ దొరలు లెక్క రాయలేదు. హునర్ గొప్పదని, దాని కోసం జరిగింది అంతా గొప్పదనలేం. కానీ దంతంతో పాటు ఆ గీత గీసే చెయ్యి కూడా పోయింది. అది నష్టమే. దంతం బదులు ఇంకేదైనా పలక మీద ఆ లక్క గీత నిలిచి ఉండాల్సింది. నిలవాలంటే ఉస్తాద్ పక్కన ఒక షాగిర్ద్ కూర్చోవాలి, పదేళ్లు కూర్చోవాలి. పోర్టులో, ఫ్యాక్టరీలో నెల జీతం దొరికే ఊళ్లో ఎవడు కూర్చుంటాడు? మా ఖాందాన్‌లో కూడా జరీ పని చేసే చెయ్యి అలాగే ఆగిపోయింది. ఒకరిని అనే హక్కు మాకు లేదు.

కానీ లక్క ఇంకా బతికే ఉంది. అది చూపించాలనే పిల్లని ఏటికొప్పాక తీసుకెళ్లాను. యలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఊరు. అంకుడు కర్రతో, లక్కతో బొమ్మలు చేస్తారు. మన ఇళ్లలో ఆడపిల్లలు ఆడుకునే లక్క పిడతలు అక్కడివే. అమ్మీ వాటిని 'హండియా' అంటుంది. కర్ర మెత్తగా ఉంటుంది, ఆరబెట్టి తరిణి మీద ఎక్కిస్తారు. తిరుగుతున్న కర్రకి ఉలి పట్టిస్తే ఆకారం వస్తుంది. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. చివర మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. మొగలి అంటే మన కేవ్డా! బిర్యానీలో వేసే కేవ్డా నీళ్ల చెట్టు ఆకు బొమ్మకి మెరుగు పెడుతుందని తెలిసి మా పిల్ల నా వైపు చూసింది, బిర్యానీ మాట ఎత్తానని.

ఒకప్పుడు ఈ బొమ్మలకీ బజారు రంగులు వచ్చి పడ్డాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు కదా. ఆ ఊరి సి.వి. రాజు గారు చెట్ల గింజల నుంచి, బెరళ్ల నుంచి, వేళ్ల నుంచి తీసిన రంగుల్ని లక్కలో కలిపే పద్ధతి మళ్లీ నిలబెట్టారు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చింది. బిరుదులు అటుంచండి. అక్కడ ఒక కొట్టులో ఒక పెద్దాయన, మమ్మల్ని చూసి, పేర్లు అడిగాక, "మీ సాయిబుల పిల్లలు ఇక్కడికి నేర్చుకోడానికి రారమ్మా, కొనడానికే వస్తారు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాట. "ఇప్పుడు మా పిల్లలూ రావట్లేదులే" అని తనే నవ్వాడు.

మా పిల్ల "నేను కూర్చోనా తాతా?" అంది. తరిణి దగ్గర కూర్చోబెట్టాడు. ఉలి పట్టుకోవడం రాలేదు. రెండుసార్లు కర్ర చీలింది. మూడోసారి ఆయన చెయ్యి దాని చేతి మీద పెట్టి నడిపించాడు. గుండ్రంగా ఏదో వచ్చింది, బొంగరమూ కాదు, పిడతా కాదు. దానికి ఎర్ర లక్క కడ్డీ పట్టించింది. మధ్యలో చెయ్యి వణికి ఒక చోట రంగు మందంగా పడింది. "అది పోదు, అలాగే ఉంటుంది" అన్నాడాయన. డబ్బు తీసుకోలేదు. మేం నాలుగు బొమ్మలు కొన్నాం.

ఇంటికొచ్చాక అమ్మీకి అంతా చెప్పాం. మంచం మీద కూర్చుని వింది. డబ్బా ఇరాన్‌ది కాదనీ, ఈ ఊరి కంసాలుల చేతి పని అయి ఉంటుందనీ చెప్పినప్పుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే కబాడీవాడికి ఇవ్వకుండా ఏ కంసాలి కొట్టుకైనా తీసుకెళ్లి అతికించమని అడిగి ఉండాల్సింది" అంది. నేను ఏం చెప్పను? ఆ డెబ్భైలలో కూడా ఆ చెయ్యి ఎవరికైనా ఉండి ఉండొచ్చు. ఆ పలకలు ఊడిపోయినప్పుడు మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలోనే, కురుపాం మార్కెట్ అవతలో ఇవతలో, వాటిని తిరిగి అతికించగలిగినవాడు కూర్చుని ఉండొచ్చు. మేం ఈరాన్ వైపు చూస్తూ కూర్చున్నాం.

ప్రాజెక్టు నాలుగు పేజీలు కాదు, ఆరయ్యాయి. ఇసాకపట్నం అన్న వాక్యం కొట్టేసింది. ఇరాన్ అన్న వాక్యం పూర్తిగా కొట్టలేదు, 'పూవు' అన్న మాట చేర్చింది. కంసాలులు అన్న మాట కింద గీత గీసింది. చివరి పేజీలో పెన్సిలుతో ఒక వెండి దోనె బొమ్మ వేసి, తెరచాప మీద మూడు గీతలు పెట్టింది. అవి ఏమిటంటే, ఓడ మూడు సలాములట. ఆ ఎర్ర లక్క ముక్కని ప్రాజెక్టుతో పాటు బడికి తీసుకెళ్లింది. తిరిగొచ్చాక అమ్మీ దాన్ని తన దగ్గరే ఉంచుకుంది. సూదుల డబ్బా పక్కన పెట్టింది.